ఈరీ సరస్సు, శ్రావణమాసం, అరటిపండ్లు

ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది చేపల గురించే. ఆగస్టులో వాలై చేప ఎంత లోతులో ఉంటుంది, ఏ రంగు ఎర కట్టాలి, బోటు ఎంత మెల్లగా పోవాలి. అన్నీ చెప్తాను, దాచుకునేదేమీ లేదు. కానీ ఈ ఉద్యోగం చేపలు పట్టడం కాదు. చేపలు పట్టడం డబ్బిచ్చి బోటెక్కినవాళ్ల పని. మన పని ఆరుగురిని పొద్దున సరస్సు మీదికి తీసుకెళ్లి, ఆ ఆరుగురినీ మధ్యాహ్నానికి రేవుకి చేర్చడం. ఈ మాట చెప్పగానే కుర్రాళ్ల మొహాలు చిన్నబోతాయి. చిన్నబోయినా సరే, ముందు అది విని తర్వాత చేపల సంగతి అడగమంటాను.

నా పేరు శామ్యూల్. మాది నరసాపురం వైపు. అమెరికా వచ్చి హెర్న్‌డన్‌లో చాలా ఏళ్లు ఒక కంపెనీ డేటాబేస్‌లు చూసుకున్నాను. సిటిజన్‌షిప్ వచ్చి, పిల్లల చదువులు అయ్యాక, ఆ ఉద్యోగం వదిలేసి ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డునున్న చిన్న ఊరికి మారిపోయాను. కెప్టెన్ లైసెన్స్ తీసుకున్నాను. హెర్న్‌డన్‌లోని మా తెలుగు చర్చిలో సగంమంది నాకు మతి పోయిందనుకున్నారు, మిగతా సగం మా ఆవిడ సుగుణ కోసం ప్రార్థన చేశారు. ఈ పనిలో ప్రమోషన్లు లేవు కాబట్టి వాటి గురించి రాసే బాధ తప్పింది. ఒక బాస్ గురించి, ఒక శనివారం గురించి, ఒక అమ్మాయి గురించి రాస్తాను.

వాల్ట్

మొదటి కొన్ని వేసవులు వాల్ట్ అనే ముసలి కెప్టెన్ దగ్గర మేట్‌గా చేశాను. మేట్ అంటే గాలాల లైన్లు కట్టాలి, పడిన చేపని వలతో ఎత్తాలి, డెక్ కడగాలి, డెక్ మీద వాంతులు కడగాలి. బాస్‌గా వాల్ట్ శుద్ధ దండగ. పేరు పెట్టి పిలవడు, ఈల వేస్తాడు. తప్పు చేస్తే అందరి ముందూ తిడతాడు, బాగా చేస్తే నోరు విప్పడు. ఆఫీసులో అలాంటి మేనేజర్ కింద నేను వారం కూడా ఉండేవాణ్ని కాదు. కెప్టెన్‌గా మాత్రం అతని దగ్గర నేర్చుకున్నంత ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదు.

అతను చేసే పని ఒకటి నాకు మొదట్లో వింతగా ఉండేది. చేప పడిందంటే అందరం గాలం రాడ్ వైపు చూస్తాం. వాల్ట్ మాత్రం మనుషుల వైపు చూసేవాడు. అడిగితే, "రాడ్‌ని చూడ్డానికి ఆరుగురున్నారు. ఆ ఆరుగురిని చూడ్డానికి ఎవరున్నారు?" అన్నాడు. కడుపులో తిప్పుతున్నవాడు మాట ఆపేసి రైలింగ్ వైపు జరుగుతాడు, దూరంగా ఒడ్డు కోసం చూస్తాడు. భయపడినవాడు ఆపకుండా మాట్లాడతాడు. తాగినవాడు పక్కవాడికి సలహాలిస్తాడు. ఇదంతా ఏ లైసెన్స్ పరీక్షలోనూ అడగరు. నాకు వచ్చిన చదువంతా ఇదే.

అదే వాల్ట్‌కి ఒక పిచ్చి ఉండేది. ఇక్కడి చేపలవాళ్లలో చాలామందికి ఉంది. బోటులో అరటిపండు ఉంటే ఆ రోజు చేప పడదట. లంచ్ బాక్సులు కూడా తెరిపించి చూసేవాడు. నేను నమ్మలేదు. అయినా సొంత బోటు కొనుక్కున్నాక ఆ నియమాన్ని ఉంచాను, సరదాకి. "అరటిపండ్లు తెచ్చారా, బయట పెట్టేయండి" అని నేను కళ్లెర్రజేస్తే అందరూ నవ్వుతారు, ఫోటోలు తీసుకుంటారు, ట్రిప్ హుషారుగా మొదలవుతుంది. మనవాళ్ల సంచుల్లో అరటిపండ్లు లేకుండా ఉండవు కాబట్టి నా నాటకం ప్రతిసారీ రక్తి కట్టేది.

కింద ఎవరూ లేరు

చేపల సంగతి కూడా కొంచెం చెప్తాను, లేకపోతే చదివేవాళ్లు ఊరుకోరు. ఆగస్టు చివరికి సరస్సులో నీళ్లు రెండుగా విడిపోతాయి. పైన వెచ్చటి నీళ్లు, అడుగున చల్లటి నీళ్లు. రెండూ కలవవు. అడుగునున్న చల్లటి నీళ్లలో ఆ రోజుల్లో ఆక్సిజన్ అయిపోతుంది, చేప అక్కడ బతకలేదు. పైన మరీ వేడి. అందుకని వాలై ఆ రెండు నీళ్లు కలిసే చోటుకి కాస్త పైన తేలుతూ తిరుగుతుంది. ఆ చోటు ఫిష్ ఫైండర్ తెర మీద సన్నటి గీతలా కనిపిస్తుంది. బోటుని మెల్లగా నడుపుతూ, ఎరలు ఆ గీత దాటి కిందికి పోకుండా వెనక లాగుతూ పోవాలి. పనంతా అంతే.

నాకు ఇది ఒక పట్టాన బుర్రకెక్కలేదు. గోదావరి కాలువల పక్కన పెరిగినవాణ్ని, ఎండ ముదిరితే చేప అడుగుకి పోతుందని నా నమ్మకం. మొదటి ఆగస్టులో వాల్ట్ చూడకుండా నా వైపు లైన్లు అడుగుదాకా దించేవాణ్ని. అతని వైపు చేపలు పడుతుంటే నా వైపు రాడ్లు చలనం లేకుండా నిలబడేవి. అతను చూస్తూనే ఉన్నాడు, ఏమీ అనలేదు. చివరికి ఒక రోజు నా భుజం మీద చెయ్యేసి, "కింద ఎవరూ లేరు, శామ్" అన్నాడు. ఈల వేయకుండా పేరు పెట్టి పిలిచింది అదొక్కసారే.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఆ వేడిలో, ఆ లోతు నుంచి లాగిన చేపని ఫోటో తీసుకుని వదిలేస్తే అది ఈదుకుంటూ పోయినట్టే కనిపిస్తుంది. కానీ చాలావరకు బతకదు. కాబట్టి చట్టం ఒప్పుకున్నన్ని చేపలు పడ్డాక లైన్లు చుట్టేసి ఇంటికి రావాలి. "ఇంకో రెండు పడదాం అంకుల్, ఫోటో తీసి వదిలేద్దాం" అంటారు. వద్దనండి. అలిగితే అలగనివ్వండి.

మనవాళ్లు

హెర్న్‌డన్ నుంచి, మోరిస్‌విల్ నుంచి, దూరాభారం అనుకోకుండా ప్లేనో నుంచి కూడా మనవాళ్లు నా బోటు బుక్ చేసుకునేవారు. తెలుగు మాట్లాడే కెప్టెన్ ఉన్నాడని ఆ నోటా ఈ నోటా పాకింది. వాళ్లతో వచ్చే తంటాలు వేరు. రేవులో చేపలు కోసిచ్చేవాళ్లు ముల్లు తీసేసిన ముక్కలిచ్చి తలకాయలు పారేస్తారు. మనవాళ్లకి తలకాయలు లేకపోతే పులుసే లేదు. ఆ చెత్త డబ్బా దగ్గర నేను చేసిన రాయబారాలు ఇన్నీ అన్నీ కావు.

రెండో తంటా శ్రావణం. ఏడాది మొత్తంలో చేపలు మా రేవుకి దగ్గరగా, గుంపులుగా తిరిగే రోజులు సరిగ్గా శ్రావణమాసంలోనే వస్తాయి. మనవాళ్లలో సగంమంది ఆ నెల నీచు ముట్టరు. చేపలు పట్టడానికి అభ్యంతరం లేదు, తినడానికే. పట్టి, కోయించి, ఫ్రీజర్‌లో పెట్టి వినాయక చవితి దాటేదాకా ఆగుతారు. మా ఇంట్లో ఆ లెక్కలు లేవు కాబట్టి నాకు శ్రావణం ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో తెలిసేది కాదు. మా చర్చివాళ్లు మాత్రం ఆ నెలలో ఖాళీలు చూసుకుని వరసపెట్టి వచ్చేవారు.

మూడోది మొహమాటం. దీని గురించి నవ్వుతూ రాయలేను. అమెరికన్‌కి చలేస్తే చలేస్తోందని చెప్తాడు. మనవాడు వణుకుతూ "పర్లేదండి" అంటాడు. ఈత రాదని చెప్పడు, మందులు వేసుకుంటున్నానని చెప్పడు, వెనక్కి పోదామని అసలే చెప్పడు. అందరూ అంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చారు, తన వల్ల పాడవకూడదు. ఇంట్లో ఇది మర్యాద. ఒడ్డు కనిపించని చోట ఇది ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ శనివారం

హెర్న్‌డన్ నుంచి చైతన్య అనే కుర్రాడు స్నేహితులతో వచ్చాడు. వాళ్లతో అతని అక్క భర్త రామ్మోహన్ గారు కూడా ఉన్నారు. ప్లేనో నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మనిషి, యాభై దాటి ఉంటాయి, నెమ్మదస్తుడు. చేతిలో కవర్ నిండా అరటిపండ్లు. నేను అలవాటుగా కళ్లెర్రజేశాను. అందరూ నవ్వారు.

"బావగారూ, బనానాస్ నాట్ అలౌడ్ అంట. కార్‌లో పెట్టేసి రండి," అన్నాడు చైతన్య.

"అయ్యో, అలాగా. దానికేముంది," అని ఆయన కూడా నవ్వి, పార్కింగ్ దాకా నడిచి వెళ్లి కవర్ పెట్టేసి వచ్చారు.

"అందరూ తిన్నారా?" అని అడిగాను. ఎప్పుడూ అడుగుతాను, ఖాళీ కడుపుతో అలల మీదికి పోతే వాంతులు ఖాయం. తిన్నామన్నారు అందరూ. రామ్మోహన్ గారు కూడా "ఆ, అయిందండి" అన్నారు.

ఒడ్డు కనుమరుగయ్యాక చాలాసేపు ఏమీ పడలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా మొదలైంది. ఇటు రాడ్ వంగుతుంటే అటు రాడ్ వంగుతోంది. తెలంగాణ కుర్రాడు శ్రీకాంత్ మొదటి వాలైని రెండు చేతులా పట్టుకుని, "గిది మన కొర్రమట్ట లెక్కనే ఉన్నది అన్నా," అని మురిసిపోయాడు. నేను వల పట్టుకుని ఉన్నాను గాని, వాల్ట్ నేర్పిన అలవాటు కొద్దీ మనుషుల వైపు చూశాను.

రామ్మోహన్ గారు ఐస్ బాక్స్ మీద కూర్చుని ఉన్నారు. చల్లటి గాలి వీస్తున్నా నుదుటి మీద చెమటలు. లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోబోతున్నారు, పడటం లేదు, మళ్లీ పెడుతున్నారు. రైలింగ్ వైపు జరగలేదు. ఒడ్డు కోసం చూడటం లేదు. తన చేతుల వైపే చూసుకుంటున్నారు. ఇది కడుపులో తిప్పడం కాదని నాకప్పుడే అనిపించింది.

"రామ్మోహన్ గారూ, ఎలా ఉందండి?" అన్నాను.

"తిన్నానండి," అన్నారు.

"అది కాదండి. మీరు ప్లేనోలో ఎక్కడుంటారు?"

"తిన్నానండి, తిన్నాను."

చైతన్య చేప లాగుతూనే వెనక్కి తిరిగాడు. "సీ సిక్‌నెస్ అంకుల్. కాసేపు పడుకుంటే సెట్ అయిపోతారు. ఇప్పుడే కదా బైట్ స్టార్ట్ అయింది."

"షుగర్ ఉందా ఆయనకి?"

"ఉంది, బట్ కంట్రోల్‌లోనే ఉంది. మార్నింగ్ టాబ్లెట్ కూడా వేసుకున్నారు."

"పొద్దున ఏం తిన్నారు?"

చైతన్య శ్రీకాంత్ వైపు చూశాడు. శ్రీకాంతే మెల్లగా అన్నాడు: "అన్నా, ఇయ్యాల శనివారం కద. శ్రావణం. ఆయన ఒక్కపొద్దు ఉంటడు. రాత్రిదాకా అన్నం ముట్టడు, పండ్లే తింటడు."

"పండ్లేవీ?"

పండ్లు పార్కింగ్‌లో కారులో ఉన్నాయి. పెట్టించింది నేను.

లైన్లన్నీ లాగేయమన్నాను. చైతన్య రాడ్‌కి ఇంకా చేప ఉంది. "అంకుల్, జస్ట్ వన్ మినిట్," అన్నాడు. నేను కత్తి తీసి లైన్ కోసేశాను. తీపి వస్తువు కోసం వెతికితే ఐస్ బాక్స్ నిండా డైట్ సోడాలే. ఆ సంచుల్లో చిప్స్, పులిహోర, కారప్పూస, ఒక్క చాక్లెట్ లేదు. అప్పుడు నా ఫ్లాస్క్ గుర్తొచ్చింది. నేను టీలో పోసుకునే పంచదార చూసి సుగుణ రోజూ తిట్టేది.

మూతలో పోసి ఆయన పెదవుల దగ్గర పెట్టాను. మింగగలుగుతున్నారు. కానీ మొహం పక్కకి తిప్పుకుని, "ఉపవాసమండి," అన్నారు.

"టీకి దోషం లేదండి, తాగండి," అన్నాను. నాకు ఆ నియమాలేవీ తెలియవు. అయినా ఏ పంతులుగారూ చెప్పనంత ధీమాగా చెప్పాను. గుక్క గుక్కగా ఫ్లాస్క్ సగం ఖాళీ చేయించాను.

శ్రీకాంత్‌ని ఆయన పక్కన కూర్చోబెట్టి, మాట్లాడిస్తూ ఉండమని, రేడియోలో అంబులెన్స్‌కి చెప్పి బోటు వెనక్కి తిప్పాను. గాలి ఉత్తరానికి మళ్లింది. ఈరీ సరస్సు లోతు తక్కువ, గాలి మళ్లిందంటే అలలు లేవడానికి ఎంతోసేపు పట్టదు. వేగంగా పోతే ఆయన ఎగిరి పడతారు, మెల్లగా పోతే ఆలస్యం. ఆ దారంతా నాకు భయమేసింది. వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ ఆయన తల వాలిపోయి ఉంటుందేమోనని భయపడుతూనే చూశాను.

రేవు దగ్గర రాళ్ల గోడ కనిపించేసరికి ఆయన నిటారుగా కూర్చున్నారు. నన్ను చూసి, "మీ ట్రిప్ పాడు చేశానండి, ఏమనుకోకండి," అన్నారు. తేరుకున్నారని అప్పుడు నమ్మకం కుదిరింది. కోపం కూడా వచ్చింది.

"ఉపవాసమని పొద్దున ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదండీ," అన్నాను.

"చెప్తే మీరంతా నా కోసం ఇబ్బంది పడతారు. మీరేమో నవ్వుతూ చెప్పారు, అందరూ నవ్వుతున్నారు. కాదంటే ఏం బాగుంటుంది?"

అంబులెన్స్‌వాళ్లు చూసి, ఆసుపత్రికి తీసుకెళ్లి, సాయంత్రానికి పంపించేశారు. చైతన్య తన బావగారి చెప్పులు చేత్తో పట్టుకుని ఆసుపత్రి బయట ఏడ్చాడు. నేను బోటు కట్టేసి రేవు చెక్కల మీద కూలబడ్డాను.

అడగాల్సిన మాట

ఆ రోజు గురించి చాలామంది చాలా తీర్పులు చెప్పారు. ఉపవాసంలో టాబ్లెట్ ఎందుకేసుకున్నాడన్నారు, ఆరోగ్యం బాగాలేనివాడు ఎందుకొచ్చాడన్నారు. నేను ఒప్పుకోను. బోటెక్కినవాడిది తప్పు అనే కెప్టెన్ ఉద్యోగం మానేయడం మంచిది. రామ్మోహన్ గారు అబద్ధం ఆడలేదు. మనకి "తిన్నారా" అనేది పలకరింపు. పలకరింపుకి "ఆ, అయింది" అనడం మర్యాద. నేను మర్యాద అడిగాను, ఆయన మర్యాదే ఇచ్చారు. నాకు కావలసిన సమాధానం కోసం నేను అసలు అడగనేలేదు.

ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట అడగలేదు. ఒక్కొక్కరినీ, తెర చూపిస్తానని స్టీరింగ్ దగ్గరికి పిలుస్తాను. పక్కన ఎవరూ వినకుండా, "పొద్దున ఏం తిన్నారు? మందులేం వేసుకున్నారు?" అంటాను. ఏం అని అడిగితే మనిషి ఆలోచించాలి. ఇడ్లీ అంటాడు, సీరియల్ అంటాడు, లేకపోతే నీళ్లు నములుతాడు. నీళ్లు నమిలితే ఏదో ఒకటి తినేదాకా బోటు కదలదు. అందరి ముందూ అడిగితే మాత్రం మళ్లీ పర్లేదండీలే వస్తాయి.

అరటిపండ్ల నియమం ఆ రోజుతో పోయింది. స్టీరింగ్ పక్కన ఒక కొక్కెం బిగించి, ప్రతి ట్రిప్‌కీ దానికి అరటిపండ్లు తగిలించాను. పక్క బోట్లవాళ్లు చూసి తలలు బాదుకున్నారు. చేపలు మాత్రం ఎప్పటిలాగే పడ్డాయి.

కెజియా

మోరిస్‌విల్‌లో ఉంటున్న మా చర్చి స్నేహితుడి కూతురు కెజియా. ఇక్కడే పుట్టింది, కాలేజీలో చేపల గురించే చదివింది. కొన్ని వేసవులు నా దగ్గర మేట్‌గా చేసి లైసెన్స్ తెచ్చుకుంది. నడుం పట్టేశాక నేను బోటు ఆ పిల్లకి అప్పగించాలనుకున్నాను. బోటు నడపడంలో నాకంటే మెరుగు. తెర చదవడంలో వాల్ట్ కంటే మెరుగు. నా బెంగ ఒక్కటే. పుట్టినప్పటి నుంచి కనిపించిన ప్రతి పెద్దమనిషినీ అంకుల్, ఆంటీ అని పిలుస్తూ పెరిగిన పిల్ల, ఆ పెద్దవాళ్లకి కాదని చెప్పగలదా? చెప్పలేకపోతే ఎంత చదువున్నా ఆ ఆరుగురిని ఒడ్డుకి చేర్చలేదు. అదొక్కటి తేలకుండా బోటు ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

ఈ ఆగస్టులో ఆమె కెప్టెన్‌గా వెళ్లిన మొదటి ట్రిప్‌లో నేను ప్యాసెంజర్‌గా ఎక్కాను. మిగతా ఐదుగురూ మా చర్చి పెద్దలే, అందరూ ఆ పిల్లని ఎత్తుకుని తిరిగినవాళ్లు. ఆమె ఇంజన్ స్టార్ట్ చేసి, ఒక్కొక్కరినీ స్టీరింగ్ దగ్గరికి పిలిచింది. నేను నేర్పినట్టే, గొంతు తగ్గించి అడుగుతోంది. చివరికి నన్ను పిలిచింది.

"అంకుల్, ఈ మార్నింగ్ ఏం తిన్నారు?"

"తిన్నానమ్మా. పద, ఎండ ఎక్కుతోంది."

నిజానికి ఆ పొద్దున నాకు ముద్ద దిగలేదు. నా బోటు నేను నడపని మొదటి రోజు. సుగుణ పెట్టిన ఉప్మా ప్లేటులో అలాగే వదిలేసి వచ్చాను. బీపీ మాత్ర మాత్రం వేసుకున్నాను.

ఆమె కదలలేదు. "నేను అది అడగలేదు అంకుల్. ఏం తిన్నావు?" తెలుగులో మీరు ఎక్కడ పోయి నువ్వు ఎక్కడొస్తుందో ఆ పిల్లకే తెలియదు.

"అందరూ ఎదురు చూస్తున్నారు, కెజియా. పర్లేదు, వచ్చాక తింటాను."

"వెయిట్ చేస్తారు," అంది. చెయ్యి చాపి ఇంజన్ ఆపేసింది.

వెనక పెద్దలంతా మాటలాపి మా వైపు చూశారు. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ సంతోషమేసింది, అది మొహంలో కనపడకుండా చూసుకున్నాను. ఆమె కొక్కెం నుంచి ఒక అరటిపండు తెంపి నా చేతిలో పెట్టి, ఎదురుగా నిలబడింది. నేను ఒలుచుకుని, ఆమె చూస్తుండగానే, ఆఖరి ముక్క దాకా తిన్నాను.

తొక్క తీసుకోవడానికి చెయ్యి చాపింది. ఇచ్చాను. అప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసింది. నేను వెనక్కి వెళ్లి మిగతా ఐదుగురి పక్కన కూర్చున్నాను.